ప్రశ్నలు - జవాబులు: గుర్రం కుంటుతోంది, నా మాట ఎవరు వింటారు?

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర పల్లె. రియాద్ శివార్ల ఒక ఇస్తబల్‌ల (గుర్రాల కొట్టంల) సాయిసు పని చేస్తున్న. నాకు అప్పజెప్పిన వాటిల్ల ఒక అరబ్బీ ఆడగుర్రం ఉంది, పద్దెనిమిదేండ్లది. కాగితాలల్ల పేరు వేరే, నేను బుజ్జి అంట. ఒకప్పుడు పందేలల్ల ఉరికింది. ఇప్పుడు ముందటి కుడి కాలు కుంటుతది. పొద్దుగాల కాలు బిగుసుకపోయి ఉంటది, కొంచెం నడిపిస్తే సదురుకుంటది. ఈ నడుమ కడుపునొప్పి కూడ మొదలైంది. మెడ తిప్పి కడుపు దిక్కు చూస్తది, పొర్లుతది. కఫీల్ (యజమాని) కొడుకు ‘ఇగ దీన్ని ఎక్కేది లేదు’ అన్నడు. అమ్ముతరో, ఎవలకన్న ఇస్తరో తెల్వది. నాది కాని గుర్రానికి నాకెందుకు నిద్ర పడ్తలేదు? ఏం జెయ్యాలె?

- పేరు వద్దు, రియాద్

జవాబు: మేత వేసేది మీరు, లద్దె ఎత్తేది మీరు, గిట్టలు శుభ్రం చేసేది మీరు. నిద్ర పట్టనిది మీకు కాక ఇంకెవరికి? ఆ బెంగకు మందు లేదు గానీ, దానితో చేయించుకోదగ్గ పని చాలా ఉంది.

కాలి సంగతి తర్వాత. ముందు కడుపు చూడాలి, ఎందుకంటే గుర్రాన్ని ఒక్క రాత్రిలో తీసుకుపోయేది అదే. ఎడారి నేలమీద బర్సీమ్, బార్లీ విదిల్చి వేస్తే మేతతోపాటు ఇసుక కూడా లోపలికి పోతుంది. పేగుల్లో పేరుకుంటుంది. ఇది తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. అప్పుడే పడిన లద్దెలో నేలకు తగలని పైభాగం నుంచి ఐదారు ఉండలు తీసి, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గ్లౌజులో వేయండి. నీళ్ళు పోసి, బాగా కలిపి, వేళ్ళు కిందికి వచ్చేలా ఓ అరగంట వేలాడదీయండి. ఇసుక ఉంటే వేళ్ళ కొసల్లోకి దిగుతుంది. చెంచాడు దిగిందంటే ఫొటో తీసి వెటర్నరీ డాక్టరుకు చూపించండి. ఏమీ దిగకపోయినా ఇసుక లేదని కాదు, కొన్నాళ్ళాగి మళ్ళీ చేయండి.

ఇవాళ్టి నుంచే మేత తొట్టిలో గానీ, రబ్బరు చాప మీద గానీ వేయండి. ఒకేసారి పెద్ద కట్ట పడేయకుండా రోజంతా కొంచెం కొంచెంగా ఇవ్వండి. కడుపు ఖాళీగా ఉంటే ఇసుకలో పరకలు ఏరుకుంటూ నిలబడుతుంది. శుక్రవారం బత్హా బజారుకు వెళితే మన కొట్లలో కనిపించే ఇసబ్గోలునే గుర్రాలకూ వాడతారు. కానీ మోతాదు మనిషి లెక్క కాదు, డాక్టరే చెప్పాలి.

ఇంకొకటి నేర్చుకోండి. దవడ ఎముక కింద నాడి దొరుకుతుంది. తీరుబాటుగా నిలబడ్డ గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 దాకా కొట్టుకుంటుంది. పొర్లుతూ, లద్దె వేయకుండా, నాడి 60 దాటితే తెల్లారేదాకా ఆగకండి. కఫీల్ నిద్ర చెడినా సరే, లేపండి. డాక్టరు వచ్చేదాకా మేత తీసేయండి.

ఇక కాలు. పొద్దున బిగుసుకుని, నడిస్తే వదులయ్యేది చాలావరకు కీళ్ళ అరుగుదల, ముసలితనంతో వచ్చేదే. ఎక్స్‌రే తీస్తే తేలుతుంది. నొప్పి తగ్గించే బ్యూట్ పొడి చాలా ఇస్తబళ్ళలో చేతికందేలా ఉంటుంది. ప్రేమకొద్దీ ఒక పొట్లం ఎక్కువ వేయాలనిపిస్తుంది, వేయకండి. ఎక్కువైతే కడుపులో పుళ్ళు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. బుజ్జికి ఉన్న కడుపుబాధ చాలు.

గిట్టలు వేడెక్కి, గిట్ట పైన నాడి గట్టిగా కొట్టుకుంటూ, బరువంతా వెనక్కి వేసి నిలబడితే అది వేరే సంగతి. దాన్ని లామినైటిస్ అంటారు. అమెరికాలో అంత పేరుపడ్డ సెక్రటేరియట్ అనే పందెపు గుర్రాన్ని 1989లో, 19 ఏళ్ళ వయసులో, ఆ బాధ చూడలేక శాశ్వతంగా నిద్రపుచ్చారు. డబ్బుకు లోటులేని చోట కూడా దారి దొరకలేదు. అందుకే రోజూ గిట్ట మీద చెయ్యి పెట్టి చూడండి.

‘ఎక్కేది లేదు’ అన్నారని కొట్టంలో కట్టేస్తే కీళ్ళు ఇంకా బిగుస్తాయి. ఎండ ఎక్కకముందు, పొద్దువాలాక చేత్తో పట్టుకుని నడిపించండి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదన్న సౌదీ నిబంధన మనుషులకు మాత్రమే, బుజ్జికి ఆ నిబంధన మీరే పెట్టాలి. నీడ, చల్లటి నీళ్ళు, నాకడానికి ఉప్పుగడ్డ ఉండాలి. పక్కన ఇంకో గుర్రం కనిపించేలా కట్టండి. ఒంటరి గుర్రం మేత మానేయవచ్చు.

యజమానితో ఎలా మాట్లాడాలన్నది మీ అసలు ప్రశ్న అనుకుంటాను. జాలి కథలు చెప్పకండి. ఒక నోటుబుక్కు పెట్టండి: తేదీ, ఎంత తింది, లద్దె, కుంటు ఎక్కువా తక్కువా. ఫోన్లో నడక వీడియో తీయండి. మందుల ఖర్చు పెట్టేది ఆయనే, మీ జీతం నుంచి ఒక్క రియాలు కూడా పెట్టకండి. కానీ ఏ మందుతో తేడా కనిపించిందో చెప్పగలిగేది మీరొక్కరే. డాక్టరు వచ్చినప్పుడు పక్కనే నిలబడి చెప్పండి. ఎవరికైనా ఇచ్చేస్తే గుర్రం పాస్‌పోర్టుతోపాటు మీ నోటుబుక్కూ వెళ్ళాలని అడగండి. అరబ్బీ గుర్రం వంశావళి అంటే ప్రాణమిచ్చే దేశంలో కాగితానికి విలువ ఉంది.

ఏడెన్, హోర్ముజ్ నుంచి గుర్రాలు తెప్పించుకున్న విజయనగర రాజు సాళువ నరసింహరాయలు, ఓడలో చచ్చిన వాటికి కూడా తోక తెచ్చి చూపిస్తే డబ్బిచ్చాడని పోర్చుగీసు వ్యాపారి న్యూనిజ్ రాశాడు. మన రాజులకు గుర్రం మీదున్న మోజు అంత. కానీ ఆ గుర్రాలను సాకిన సాయిసుల పేర్లు మనకు తెలియవు, అందుకే మీ నోటుబుక్కు మీరే రాయాలి.

ఎప్పుడైనా ‘ఇక చాలు’ అనుకోవాల్సి వస్తే, ఆ మాట డాక్టరు, యజమాని కలిసి అనుకోవాలి. పడుకుంటే తనంతట తాను లేవగలుగుతోందా, మేత మీద ఆశ ఉందా, పుస్తకంలో చెడ్డ రోజులు మంచి రోజులను మించిపోయాయా అన్నవి చూస్తారు. మీరు రాసిందే అక్కడ సాక్ష్యం.

ప్రశ్న: జెద్దాలో మా అమ్మాయి (14) స్వారీ నేర్చుకునే గుర్రాన్ని కాలు దెబ్బవల్ల ఇక ఎక్కనివ్వబోమన్నారు. రెండు వారాలుగా అమ్మాయి సరిగా తినడం లేదు. కొనేసి హైదరాబాదు తీసుకెళ్దామని గొడవ. ఏం చెప్పమంటారు?

- ఓ తల్లి, జెద్దా

జవాబు: కొనకండమ్మా. అనుమతులు, క్వారంటైన్, విమానం కలిసి లక్షల్లో మాట. ఆ ఖర్చు భరించినా, కాలు నొప్పితో ఉన్న గుర్రానికి ఆ ప్రయాణం శిక్షే. ‘ఇంకోటి ఎక్కుదువులే’ అని మాత్రం అనకండి, పిల్లకు అది పుండు మీద కారం. స్వారీ క్లబ్బువాళ్ళను అడిగి వారానికోసారి దువ్వడానికి, చేత్తో నడిపించడానికి పంపండి. డాక్టరు వచ్చే రోజున పక్కన ఉండనివ్వండి. గుర్రం ఎక్కడికి వెళుతుందో వాళ్ళ చేత నిజం చెప్పించండి, అది నచ్చని జవాబైనా సరే. రెండు వారాలుగా తినడం తగ్గిందన్నారు కాబట్టి పిల్లల డాక్టరుకు కూడా ఈ వారమే చూపించండి.