గర్భధారణకు ముందే మొలలకు వైద్యం

ఒక వైద్య శిబిరానికి వచ్చిన చెల్లెలికి హిమోగ్లోబిన్ 8 గ్రాములే ఉంది. పెళ్ళయి రెండేళ్ళు, బిడ్డ కోసం ఎదురుచూస్తోంది. నెలసరి సక్రమమే అంది. అత్తగారు బయటికి వెళ్ళాక మాత్రం గొంతు తగ్గించి చెప్పింది: "ఏడాదిగా దొడ్డికి వెళ్తే రక్తం పడుతోందమ్మా."

మొలలుంటే గర్భం రాదన్నది అపోహ. చిక్కంతా రక్తహీనతతోనే. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ కనీసం 12 గ్రాములుండాలి. రోజూ కొద్దికొద్దిగా పోయే రక్తం ఆ నిల్వను తినేస్తుంది. గర్భం వచ్చాక మొలలు ముదురుతాయి కూడా. హార్మోన్ల వల్ల పేగుల కదలిక మందగిస్తుంది, పెరిగే గర్భసంచి రక్తనాళాలను నొక్కుతుంది, ఐరన్ మాత్రలు కొందరికి మలబద్ధకం తెస్తాయి. అలాగని ఐరన్ మానకూడదు. పడకపోతే డాక్టరును అడిగి మార్చుకోవాలి. గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పటి నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి.

పడే రక్తమంతా మొలలదే అనుకోకూడదు. చీలిక కావచ్చు, మరొకటి కావచ్చు. అందుకే ముందు పరీక్ష. తొలిదశ మొలలు చాలావరకు ఆహారంతోనే అదుపులోకి వస్తాయి: జొన్నరొట్టె, తోటకూర, పప్పు, జామపండు, తగినంత నీరు. ఇసబ్‌గోల్ మంచిదే, కాని నీళ్ళు బాగా తాగకపోతే మేలుకు బదులు కీడు చేస్తుంది. దావత్‌లో బిర్యానీ తిన్నా పక్కన కూరగాయలుండాలి. రంజాన్‌లో ఇఫ్తార్ నుంచి సహరీ దాకా నీళ్ళు కొంచెం కొంచెంగా తాగుతుండాలి. దొడ్లో ఫోను పట్టుకుని కూర్చోవద్దు, ముక్కవద్దు. నొప్పిగా ఉంటే గోరువెచ్చని నీటి టబ్బులో పది పదిహేను నిమిషాలు కూర్చుంటే ఉపశమనం. స్టెరాయిడ్ ఉన్న పూత మందులు సొంతంగా వారాల తరబడి వాడరాదు.

అప్పటికీ తగ్గకపోతే రబ్బరు బ్యాండు వేసే చికిత్స ఉంది, ఆసుపత్రిలో ఉండిపోనక్కరలేదు. బయటికి వచ్చి లోపలికి పోని మొలలకు ఆపరేషన్ అవసరం కావచ్చు. పుండు మానడానికి వారాలు పడుతుంది కనుక దాన్ని గర్భానికి ముందే ముగించుకోవడం మేలు. గోడల మీద "గ్యారంటీ వైద్యం" అని రాసుకునేవారి ఇంజెక్షన్ల జోలికి మాత్రం పోవద్దు.

ఆ చెల్లెలు అత్తగారి ముందు నోరు విప్పలేదు. దాతలు ఈసారి శిబిరానికి ఖర్చు పెట్టేటప్పుడు మందులతో పాటు ఒక మహిళా డాక్టరు, ఒక పరదా, హిమోగ్లోబిన్ పరీక్ష కూడా లెక్కలో వేయండి.