విశాఖపట్నములో చిన్న హోటళ్ళు — ఒక పరిశీలన

తెలుగువాడు "హోటలుకు పోయి వద్దాము రమ్మ"న్నప్పుడు పెట్టె, పరుపుచుట్ట సర్దుకొని బయలుదేరడు. ఇంగ్లీషువారికి హోటలు అనగా బస చేయు చోటు. మనకు ఇడ్డెనలు, అట్టు, కాఫీ దొరకు చోటు. మాటను తెచ్చుకొని, అర్థమును మన ఆకలికి తగినట్లు మార్చుకొన్నాము. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఓడరేవు ఎగుమతులను గురించి, ఉక్కు కర్మాగారపు పెట్టుబడిని గురించి పరీక్షలలో పుటలు పుటలు వ్రాయుదురు. ఆ రేవులో మూటలు మోసినవాడు, ఆ కర్మాగారములో కొలిమి దగ్గర నిలిచినవాడు ఉదయము ఎక్కడ తిన్నాడు, అతనికి పెట్టినవాడు బాగుపడినాడా చెడినాడా అను ప్రశ్న మాత్రము ఏ ప్రశ్నపత్రములోను రాదు. ఈ వ్యాసమునకు మేము ఆ ప్రశ్ననే తీసికొన్నాము. పాత పట్టణము మొదలు కూర్మన్నపాలెము వరకు తిరిగి, తిని, అడిగి చూచిన పిమ్మట మాకు తోచినది ఇది: చిన్న హోటలు భాగ్యము పొయ్యి మీద కన్న గుమ్మము ముందే ఎక్కువగా నిర్ణయమగుచున్నది. గుమ్మము ముందు నడచు జనము దారి మార్చిన నాడు ఎంత మంచి సాంబారైనను దానిని నిలుపజాలదు.

వెల పుచ్చుకొని అన్నము పెట్టుట మనకు కొత్త కాదు. కాకతీయుల నాటి ఓరుగల్లును వర్ణించిన 'క్రీడాభిరామము'లో రూక ఇచ్చి భోజనము చేయు పూటకూటి ఇల్లు కలదు. మనకు దగ్గరగా చూచిన, విజయనగరములో 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చయిన 'కన్యాశుల్కము'లో పూటకూళ్ళమ్మ పాత్రను ఎరుగని విద్యార్థి ఉండడు. గిరీశము ఆమెకు పెట్టిన టోపీని తలచుకొని నవ్వుదుము గాని, ఆమె వ్యాపారస్థురాలని, ఆమెది ఉత్తరాంధ్ర పట్టణములలోని చిన్న పరిశ్రమకు ఒక నమూనా అని ఎన్నడును అనుకొనము. అప్పు పెట్టుట, అది రాకపోవుట — హోటలు వ్యాపారములోని అసలు చిక్కు అప్పటికే ఆ నాటకములో ఉన్నది.

ఇరువదవ శతాబ్దములో పూటకూళ్ళ ఇంటి ప్రక్కన కాఫీ హోటలు లేచినది. ఉడుపి నుండి వచ్చినవారు దక్షిణ దేశమంతటను ఈ వ్యాపారమును ఒక పద్ధతికి తెచ్చినారు. అయితే ఆ కాలపు కాఫీ హోటలు గుమ్మము అందరికిని ఒకే తీరుగా తెరచియుండెడిది కాదు. ఎవరు లోపల కూర్చొనవలెను, ఎవరు వెలుపల నిలువవలెను అనునది కులమును బట్టి జరిగెడిది. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము పదునైదవ అధికరణములో దుకాణములు, హోటళ్ళు, భోజనశాలల పేర్లెత్తి మరీ ఈ వివక్షను నిషేధించినది. 1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టము దానిని శిక్షార్హము చేసినది. రాజ్యాంగ నిర్మాతలు హోటలును పేరు పెట్టి స్మరించిరన్న సంగతి మా విద్యార్థులలో చాలమందికి ఆశ్చర్యము కలిగించినది.

ఇక విశాఖ సంగతి. 1933లో ఓడరేవు తెరచినప్పుడు ఇది చిన్న పట్టణము. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజము రైలు మీద వచ్చి ఇక్కడ ఓడ ఎక్కెడిది. రేవునకు ఎదురుగా దర్గా కొండ, రాస్ కొండ మీది చర్చి, వేంకటేశ్వరుని కొండ మూడును ప్రక్కప్రక్కనే నిలిచినట్లే, వాటి క్రింది పాత పట్టణపు వీధులలో ముస్లిముల చాయ్ దుకాణములు, బ్రాహ్మణ భోజన హోటళ్ళు, పునుగుల బండ్లు ప్రక్కప్రక్కనే బ్రతికినవి. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు బాంబులు వేసినప్పుడు జనము ఊరు విడిచి పోయినారు. తరువాత 1948లో 'జల ఉష' నౌక నీటిలోనికి దిగినది. 1957లో చమురు శుద్ధి కర్మాగారము వచ్చినది. 1951 జనాభా లెక్కలలో లక్షకు కొంచెము మించిన ఊరు 1981 నాటికి ఆరు లక్షలు దాటినది. వచ్చిన వారిలో హెచ్చుమంది ఇల్లు, ఇల్లాలు వెంట లేని కూలీలు. హోటలునకు అంతకు మించిన ఖాతాదారు లేడు.

ఖాతాదారు అన్నాము. ఈ మాట దగ్గర కొంచెము ఆగవలెను. మా పత్రిక రెండు భాషలలో వెలువడునది గనుక, హోటలు యజమాని పుస్తకమును మేము ప్రత్యేకమైన ఆసక్తితో చూచినాము. ఖాతా, జమా, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, కిరాయి — ఆ పుస్తకములోని మాటలన్నియు ఉర్దూ చెప్పిన పాఠమే. ప్రక్కన వంటింటిలోని పొయ్యి, పెనము, అట్లకాడ, రుబ్బురోలు తెలుగు. ఈ రెండు భాషల నడుమ తలుపు కూడ లేదు. ఒక తెర మాత్రమే వ్రేలాడుచున్నది.

పాత పట్టణములో రేవు దారిని ఉన్న ఒక హోటలులో మేము మూడు సాయంకాలములు గడిపినాము. పేరు వ్రాయము, యజమాని కోరిక అది. హోటలు భాషలో మాస్టరు అనగా వంటవాడు. మేము మాస్టారమని పరిచయము చేసికొనగా, ఆయన మమ్ములను ఎగాదిగా చూచి "ఏ హోటల్లో చేసినారు?" అని అడిగినారు. ఆ పొరపాటు తీరిన తరువాత గల్లాపెట్టె క్రింది నుండి పాత ఖాతా పుస్తకములు తీసి చూపినారు. ఒక్కొక్క మేస్త్రీ పేరున ఒక్కొక్క పుట. ముఠాలోని కూలీలు నెలంతయు తినుదురు. జీతము ముట్టిన నాడు మేస్త్రీ వచ్చి మొత్తము చెల్లించును. కూలీ పేరు హోటలువానికి తెలియనక్కరలేదు, మేస్త్రీ మాట చాలును. ఈ ఏర్పాటులో వడ్డీ లేదు. కాని అప్పు తిన్నవాడు ప్రక్క హోటలుకు పోడు. ఆ నమ్మకమే వడ్డీ. గోడమీద "నేడు నగదు, రేపు అరువు" అను బోర్డు కూడ ఉన్నది. దాని క్రింద కూర్చొనియే ఆయన నలుబది సంవత్సరములు అరువు వ్రాసినారు.

ఆ పుస్తకములు ఏడాదికేడాది పలుచబడుచు వచ్చినవి. కారణము వంట కాదు. మాస్టరు మారలేదు, పప్పు మారలేదు. 1960 దశకములో ముడి ఇనుము ఎత్తుటకు యంత్రములు వచ్చినవి. 1976లో బాహ్య నౌకాశ్రయము వచ్చి పెద్ద ఓడలు అక్కడ ఆగసాగినవి. 2003లో కంటెయినరు టెర్మినలు మొదలైనది. మూటలుగా వచ్చిన సరుకు పెట్టెలలో వచ్చిన తరువాత, ఒక ముఠా దినమంతయు చేయు పనిని ఒక క్రేను కొద్దిసేపటిలో ముగించును. దేశమునకు అది లాభమే, మేము కాదనము. ముంబాయి మొదలు లండను వరకు పాత రేవు వీధులన్నిటికిని ఈ గతియే పట్టినది. కాని క్రేను ఇడ్డెనలు తినదు. 2008లో డాక్ లేబర్ బోర్డు ఓడరేవు సంస్థలో కలిసినది. ఆ చివరి పుస్తకములో పదునొకండు పుటలు మాత్రమే నిండియున్నవి.

ఈలోగా ఊరు ఉత్తరమునకు, పడమరకు నడచిపోయినది. జగదాంబ కూడలి, తరువాత బస్సుల కాంప్లెక్సు చుట్టును ద్వారకానగరము జనసమ్మర్దమైనవి. ఆ ప్రాంతమున శిక్షణ కేంద్రముల విద్యార్థులు, ఆస్పత్రులకు వచ్చు శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలవారు, పెండ్లి బట్టలు కొనవచ్చు కుటుంబములు తిరుగుదురు. వీరికి ఖాతా అక్కరలేదు; వీరు రేపు మరల వత్తురన్న నమ్మకము లేదు. కాబట్టి అక్కడి హోటలు ముందుగా టోకెను ఇచ్చి తరువాత ప్లేటు ఇచ్చును.

గాజువాక కథ వేరు. 1966 నాటి ఉద్యమము, 1970 ఏప్రిల్‌లో ప్రకటన, 1971 జనవరిలో శంకుస్థాపన, 1982లో ప్రత్యేక సంస్థ, 1992 ఆగస్టు 1న జాతికి అంకితము — ఉక్కు కర్మాగారపు ఈ తేదీలను విద్యార్థులు కంఠస్థము చేసియుందురు. అరువదినాలుగు గ్రామముల భూమి దాని క్రింద పోయినదని కూడ చదివియుందురు. నిర్మాణ కాలమున ఆ త్రోవను ఎన్ని మెస్సులు లేచినవో ఎవరును లెక్కింపలేదు. కర్మాగారపు షిఫ్టులు ఉదయము ఆరింటికి, మధ్యాహ్నము రెండింటికి, రాత్రి పదింటికి మారును. అందుచేత కూర్మన్నపాలెములో టిఫిను పొయ్యి తెల్లవారుజామున నాలుగు గంటలకే వెలుగును. కాని ఇక్కడ ఒక చట్టపు మెలిక కలదు. 2025 వరకు అమలులో ఉండిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము నలుబదియారవ సెక్షను ప్రకారము రెండువందల ఏబదిమందికి మించి కార్మికులున్న చోట యాజమాన్యము చేత క్యాంటీను పెట్టించుటకు వీలుండెడిది. కార్మికునికి అది న్యాయమే. వెలుపలి మెస్సుకు మాత్రము మధ్యాహ్న భోజనము పోయి ఉదయపు టిఫిను, సాయంకాలపు బజ్జీ, సెలవునాటి బిరియానీ మిగిలినవి.

మరియొక మార్పు ఉక్కు ఉద్యోగుల కుటుంబములతోడనే బలపడినది: కర్రీ పాయింటు. దంపతులిరువురును ఉద్యోగము చేయు ఇంటిలో అన్నము మాత్రము కుక్కరులో వండుకొని, పప్పు, వేపుడు, పులుసు పొట్లములు కొని తెచ్చుకొందురు. బల్లలు లేవు, సర్వర్లు లేరు, ఎంగిలి కంచములు కడుగు పని లేదు. పది అడుగుల గది, రెండు పెద్ద గిన్నెలు, ఒక గృహిణి చేతివాటము చాలును. మా దృష్టిలో గడచిన ముప్పది సంవత్సరములలో ఆంధ్ర పట్టణములు కనిపెట్టిన గొప్ప వ్యాపార రూపము ఇదియే. దీనిని గురించి పాఠ్యపుస్తకములలో ఒక్క వాక్యమైనను లేకపోవుట విచిత్రము.

అయితే ఒకే కర్మాగారము మీద ఆధారపడిన గుమ్మమునకు ఒకే త్రాడు. 2021 జనవరిలో కర్మాగారమును ప్రైవేటుపరము చేయ నిర్ణయించినప్పుడు కూర్మన్నపాలెము కూడలిలో దీక్షా శిబిరము వెలసినది. 2024లో ఉద్యోగుల జీతములు విడతలుగా అందినవని పత్రికలలో చదివినాము. 2025 జనవరిలో కేంద్రము 11,440 కోట్ల రూపాయల సహాయమును ప్రకటించినది. ఈ వార్తలు ఢిల్లీలో పుట్టును. వాటి ఫలితము కూర్మన్నపాలెపు బజ్జీల బండి మీద కనబడును. జీతము సగము వచ్చిన నెలలో ఉద్యోగి మొదట మానునది పాలు కాదు, పిల్లవాని ఫీజు కాదు, సాయంకాలపు ప్లేటు.

ఆదాయ వ్యయముల మాట కూడ చెప్పవలెను. ఉదాహరణకు అట్టు వెల అరువది రూపాయలనుకొందము. ఫోను ద్వారా తెప్పించుకొను సంస్థ నాలుగవ వంతు తీసికొనినచో యజమానికి చేరునది నలుబదియైదు. అందులో సరుకుకు ఇరువదిరెండు, గ్యాసుకు నాలుగు, పొట్లమునకు ఐదు పోగా మిగిలిన పదునాలుగు రూపాయలలోనే మాస్టరు జీతము, అద్దె, కరెంటు, తన కడుపు. అదే అట్టును గుమ్మములో కూర్చొని తిన్నచో పొట్లపు ఖర్చు, కమీషను మిగిలి అతనికి ముప్పదినాలుగు దక్కును. అంకెలు మేము ఊహించినవే. తమ వీధి హోటలులో అడిగి సరిచేసికొనుట విద్యార్థులకు మంచి అభ్యాసము. అడుగునప్పుడు రెండు సంగతులు మరువరాదు. మొదటిది, గది సొంతమా అద్దెయా? తాతలనాటి సొంత గది ఉన్నవాడు గిరాకి సగమైనను దీపము ఆర్పడు. రెండవది, చట్నీ నూరునది ఎవరు? భార్య, తల్లి నూరుచున్నచో వారి కూలి ఏ పద్దులోను ఉండదు. లాభమని యజమాని చెప్పు దానిలో హెచ్చు భాగము ఆ వ్రాయని కూలియే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కరెంటు లేక గ్రైండర్లు ఆగి, పిండి లేక మా వీధిలో టిఫిను దుకాణములు మూతపడినవి. రుబ్బురోలు దాచుకొన్న ముసలమ్మ ఒకతె మాత్రము ఇడ్డెనలు పెట్టినది. 2020 మార్చిలో కరోనా మూత వచ్చినప్పుడు ఆ ఉపాయమును పనిచేయలేదు, ఏలయనగా గుమ్మము ముందు నడచువారే లేరు. సర్వర్లు, మాస్టర్లు స్వగ్రామములకు పోయినారు; మరల తెరచినప్పుడు అందరును తిరిగి రాలేదు.

పాత పట్టణపు హోటలులో మూడవ సాయంకాలము మేము సెలవు తీసికొనుచుండగా యజమాని బిల్లు పుచ్చుకొనలేదు. గల్లాపెట్టె మూసి, మా వెంట వీధి మలుపు వరకు వచ్చినారు. "మాస్టారూ, మరేటి అనుకోకండి," అన్నారు, "మీ కాలేజీ గేటు ఎటేపు తెరుస్తారు? పిల్లలు ఎన్నింటికి బయటికొస్తారు?" రోడ్డు వైపుననే అని, నాలుగున్నరకు అని చెప్పినాము. ఎదుట ఖాళీ గది ఏదైనా ఉన్నదా అని అడిగినారు. సైకిలు దుకాణము ప్రక్కన ఒకటి మూసియున్నదని జ్ఞాపకము వచ్చి చెప్పగా, అద్దె ఎంతో కనుగొని ఆదివారము నాటికి చెప్పమన్నారు.