ధ్వని – నిదానం

భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, గోదావరీ తీరాన, దుమ్ముగూడెం మండలంలో పర్ణశాల ఉంది. మాయలేడిగా వచ్చిన మారీచుడు రాముని కంఠస్వరంతో ఆర్తనాదం చేయగా, ఆ ధ్వనిని నమ్మడం వల్ల సీతారాములకు వియోగం సంభవించిందని రామాయణ కథ. అది జరిగింది ఇక్కడేనని భక్తుల విశ్వాసం. విన్న ధ్వనిని విచారించక నమ్మరాదన్న నీతి యంత్రాలకు కూడా వర్తిస్తుంది.

ఈ అడవిదారిలో సాయంవేళ స్పోర్ట్స్ బైకుపై వెళ్తున్న యువకుణ్ణి ఊహించుకుందాం. ఇంజనులో 'టిక్ టిక్'మని శబ్దం మొదలైంది. పికప్ తగ్గింది. అప్పుడతడు ముందుగా బండి ఆపి, కొంతసేపటి తరువాత ఆయిల్ మట్టం పరీక్షించాలి. ఆయిల్ లేక పిస్టన్ బిగుసుకుంటే వెనుక చక్రం హఠాత్తుగా ఆగి ప్రాణాపాయం కలుగవచ్చు.

ఆయిల్ సరిగా ఉంటే శబ్దస్థానాన్ని గుర్తించాలి. ఇంజను పైభాగం నుండి సన్నని 'టిక్ టిక్' వినిపిస్తే టాపెట్ సందు పెరిగిందనీ, పక్కనుండి గలగల వినిపిస్తే టైమింగ్ చైన్ వదులైందనీ, అడుగునుండి బరువైన 'దడదడ' వినిపిస్తే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ అరిగిందనీ అనుమానించాలి. చివరిదైతే బండిని నడపరాదు. మరొక వాహనంలో తరలించాలి.

శక్తి తగ్గడానికి అన్నిసార్లూ లోపలి భాగాలే కారణం కావు. దుమ్ముతో ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, స్పార్క్ ప్లగ్ మసిబారినా పికప్ తగ్గుతుంది. ఇంజను వేగం పెరిగినా బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నదని గ్రహించాలి.

నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషానికి 6000 సార్లు తిరిగితే, ఒక్కొక్క వాల్వు సెకనుకు 50 సార్లు తెరుచుకుంటుంది. టాపెట్ సందు ఎక్కువైతే శబ్దం వస్తుంది. మరీ తక్కువైతే శబ్దం రాదు. కాని వాల్వు పూర్తిగా మూసుకోక పీడనం తగ్గుతుంది, క్రమంగా వాల్వు కాలిపోతుంది. కనుక నిశ్శబ్దం కూడా ఒక్కొక్కసారి మారీచుని వలె మోసగిస్తుంది.

సులభమైన పరీక్షతో ఆరంభించి, ఒక్కసారికి ఒక్క మార్పే చేసి, ఫలితం చూసిన తరువాతనే ముందుకు సాగాలి. వైద్యునికైనా, మెకానిక్కుకైనా నిదానమే ప్రధానం.

ప్రశ్నలు

1. శబ్దస్థానాన్ని బట్టి ఇంజను లోపాలను ఎలా ఊహించవచ్చు?
2. 'నిశ్శబ్దం కూడా మోసగిస్తుంది' అనడంలోని ఆంతర్యమేమి?