గ్రాఫ్‌లో గీత తెగితే ఎక్కడ వెతకాలి?

‘సర్వర్ నడుస్తోంది. దాని మీదున్న వర్చువల్ మెషీన్లన్నీ నడుస్తున్నాయి. యూజర్ల నుంచి ఒక్క ఫిర్యాదూ లేదు. కానీ మానిటరింగ్ తెర మీద రాత్రి ఒంటి గంట నుంచి ఆ హోస్ట్ సీపీయూ గ్రాఫ్ ఖాళీగా ఉంది. మీరైతే ఎక్కడ మొదలుపెడతారు?’

సర్వర్ సపోర్ట్ ఇంటర్వ్యూలో ఈ తరహా ప్రశ్న ఎదురైతే ఫ్రెషర్ల నోటికి ముందుగా వచ్చే మాట ‘రీస్టార్ట్ చేస్తానండీ’ అని. అంతటితో ఆ ఇంటర్వ్యూ అయిపోయినట్టే. హోస్ట్ అంటే వర్చువల్ మెషీన్లను మోసే అసలు సర్వర్. ఒక్క హోస్ట్ మీద ఆస్పత్రి బిల్లింగ్, ల్యాబ్ రిపోర్టులు, అకౌంట్స్ వంటి మెషీన్లు ఇరవై ముప్పై ఉండొచ్చు. ఒక గ్రాఫ్ కోసం వాటన్నిటినీ ఆపేసేవాళ్ళ చేతికి సర్వర్ రూమ్ తాళం ఎవరిస్తారు?

కొలువులు ఎక్కడ?

విజయవాడ చుట్టుపక్కల చదివే చాలామందికి ఐటీ అంటే కోడింగే, కోచింగ్ అంటే అమీర్‌పేటే. సర్వర్లను కనిపెట్టుకుని ఉండే ఉద్యోగాల వైపు చూసేవాళ్ళు తక్కువ. నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్‌లో షిఫ్ట్ ఇంజినీరు, సిస్టమ్ అడ్మిన్, వర్చువలైజేషన్ అడ్మిన్ ఈ కోవలోవే. మంగళగిరిలో పై డేటాసెంటర్స్ ఉంది. గన్నవరం దగ్గర కేసరపల్లిలో హెచ్‌సీఎల్ క్యాంపస్ ఉంది. ఇక ఆస్పత్రులు, ఇంజినీరింగ్ కాలేజీలు, ప్రభుత్వ ఆఫీసులు ఏవైనా సర్వర్లు లేకుండా నడవవు. విశాఖలో 1500 కోట్ల డాలర్లతో డేటా సెంటర్ కేంద్రం కడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది.

దీనికి సీఎస్‌ఈ బ్రాంచే కానక్కర్లేదు. గుడ్లవల్లేరులో ఈసీఈ చదివినా, మచిలీపట్నంలో బీఎస్సీ కంప్యూటర్స్ చేసినా, పాలిటెక్నిక్ డిప్లొమా ఉన్నా ఈ వైపు రావొచ్చు. లినక్స్ కమాండ్లు, నెట్‌వర్కింగ్ బేసిక్స్ చేతికి అలవాటై ఉండాలి. షిఫ్టులకు ఒప్పుకోవాలి. అన్నిటికన్నా ముందు, లోపాన్ని వరసగా వెతికే ఓపిక కావాలి.

డేటా నడిచే దారి

తెర మీద ఖాళీ కనిపించడం వేరు, సున్నా కనిపించడం వేరు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు జనం గంట గంటకీ రీడింగ్ కోసం ఎదురుచూశారు. అలాంటప్పుడు ఒక గంట రీడింగ్ అందకపోతే కృష్ణలో నీళ్ళు తగ్గాయని ఎవరూ అనుకోరు. గేజీ చూసినవాళ్ళున్నారా, ఫోను కలిసిందా, కంట్రోల్ రూములో రాసుకున్నారా అని అడుగుతారు. హోస్ట్ డేటా మాయమైనా అడగాల్సిన ప్రశ్నలు ఆ వరసలోవే.

వీఎంవేర్‌నే తీసుకోండి. దాని హైపర్‌వైజర్ ఈఎస్‌ఎక్స్‌ఐ నడిచే హోస్ట్ ప్రతి 20 సెకన్లకూ సీపీయూ, మెమొరీ, డిస్క్, నెట్‌వర్క్ అంకెలు నమోదు చేస్తుంది. ఆ రియల్ టైమ్ అంకెలు హోస్ట్ దగ్గర సుమారు గంటసేపే ఉంటాయి. హోస్టులన్నిటినీ ఒకచోట నుంచి చూసుకునే వీసెంటర్ వాటిని 5 నిమిషాల లెక్కకు కుదించి ఒక రోజు దాచుకుంటుంది. తర్వాత 30 నిమిషాల లెక్కన వారం, 2 గంటల లెక్కన నెల, రోజుకొక్క లెక్కన ఏడాది ఉంచుతుంది. ఇలా కుదించడాన్నే రోలప్ అంటారు. హోస్ట్‌లో హోస్ట్‌డీ, వీపీఎక్స్‌ఏ అనే రెండు సర్వీసుల మీదుగా అంకెలు వీసెంటర్‌కు, అక్కణ్ణుంచి డేటాబేస్‌కు చేరతాయి. బయటి మానిటరింగ్ టూల్ వీసెంటర్‌ను అడిగి తెచ్చుకుంటుంది. ఈ దారిలో ఏ మెట్టు దగ్గర తెగినా చివరి తెర మీద కనిపించేది అదే ఖాళీ.

లక్షణాన్ని బట్టి చోటు

ఒక్క హోస్ట్‌కే డేటా లేదా, అన్నిటికీనా? ఇది మొదటి ప్రశ్న. అన్ని హోస్టుల గీతలూ ఒకే నిమిషంలో తెగితే హోస్టుల జోలికి వెళ్ళకండి. వీసెంటరో, మానిటరింగ్ సర్వరో, మధ్యలో నెట్‌వర్కో ఆగి ఉంటుంది. సేకరించే సర్వర్‌కే కరెంటు పోయినా అన్ని గీతలూ ఒక్కసారే ఆగుతాయి.

ఒక్క హోస్ట్‌కే అయితే అందులోకి లాగిన్ అయి, అప్పటికప్పుడు అంకెలు చూపే ఈఎస్‌ఎక్స్‌టాప్ కమాండ్ ఇవ్వండి. అంకెలు కదులుతుంటే కొలత బాగానే ఉంది, పంపడంలోనే తేడా ఉంది. అప్పుడు వీపీఎక్స్‌ఏ లాగ్ చూడాలి. ఆ సర్వీసును రీస్టార్ట్ చేస్తే మామూలుగా వర్చువల్ మెషీన్లు ఆగవు. అయినా సీనియర్‌తో ఒక మాట చెప్పకుండా, మార్పు టికెట్ లేకుండా ముట్టుకోకూడదు.

గడియారం సంగతి మన దగ్గర మరీ జాగ్రత్తగా చూడాలి. ఈఎస్‌ఎక్స్‌ఐ ఎప్పుడూ యూటీసీలోనే సమయం లెక్కపెడుతుంది. మనకు ఉదయం 9 అయితే దానికి తెల్లవారుజాము 3:30. ఇది తెలియక ఎవరైనా చేత్తో 9 అని దిద్దితే, హోస్ట్ ఐదున్నర గంటలు ముందుకు వెళ్ళిపోతుంది. అది పంపే అంకెల మీద ఇంకా రాని సమయం ఉంటుంది. వీసెంటర్ ‘గత గంట’ అడిగినప్పుడు అవి దొరకవు. రెండు వైపులా సమయం పోల్చి, గడియారాన్ని సరిచేసే ఎన్‌టీపీ సర్వర్ అందుతోందో లేదో చూస్తే విషయం తేలిపోతుంది.

రియల్ టైమ్ గ్రాఫ్ బాగుండి నిన్నటిది, వారానిది ఖాళీగా ఉంటే అనుమానం డేటాబేస్ మీదికి పోవాలి. రోలప్ జరగకపోయి ఉండొచ్చు. గణాంకాలు, ఈవెంట్లు దాచే సీట్ అనే డిస్క్ భాగం నిండిపోయి ఉండొచ్చు.

వీసెంటర్‌లో అంతా కనిపించి మీ టూల్‌లో మాత్రం లేకపోతే ఆ టూల్ వాడే అకౌంట్ చూడండి. పాస్‌వర్డ్ గడువు తీరిందా? చదివే అనుమతి కింది ఫోల్డర్ల దాకా పారిందా? ఒకే ప్రశ్నలో వీసెంటర్ పరిమితికి మించి కౌంటర్లు అడుగుతోందా?

కొన్ని కౌంటర్లే లేకపోతే అది అసలు లోపమే కాకపోవచ్చు. వీసెంటర్‌లో 1 నుంచి 4 దాకా గణాంకాల లెవెల్స్ ఉంటాయి. డిఫాల్ట్‌గా ఉండే 1లో ముఖ్యమైనవే నిల్వ అవుతాయి. ఒక్కో డిస్కుకు, ఒక్కో కోర్‌కు విడివిడిగా చరిత్ర కావాలంటే లెవెల్ పెంచాలి. పెంచితే డేటాబేస్ ఉబ్బుతుంది.

వేరే ప్లాట్‌ఫామ్‌లలోనూ దారి ఇదే, పేర్లు మాత్రం మారతాయి. హైపర్-వి హోస్ట్‌లో టాస్క్ మేనేజర్ చూసి సీపీయూ ఖాళీగా ఉందనుకోకండి. వర్చువల్ మెషీన్లు వాడేది అందులో లెక్కకు రాదు, హైపర్‌వైజర్ కౌంటర్లు చూడాలి. కేవీఎంలో గెస్ట్ లోపలి మెమొరీ వివరాలు రావాలంటే ఆ గెస్ట్‌లో బెలూన్ డ్రైవర్ ఉండాలి. ప్రాక్స్‌మాక్స్‌లో మెషీన్ల పక్కన బూడిదరంగు ప్రశ్నార్థకం కనిపిస్తే స్థితి వివరాలు సేకరించే పీవీఈస్టాట్‌డీ సర్వీసు ఆగిందేమో చూడాలి. అందని ఎన్‌ఎఫ్‌ఎస్ స్టోరేజ్ కోసం ఎదురుచూస్తూ అది ఇరుక్కుపోవడం తరచూ జరిగేదే.

మోగని అలారం

సీపీయూ 85 శాతం దాటితే మోగాలని అలారం పెట్టారనుకోండి. అసలు డేటాయే రాకపోతే పోల్చడానికి అంకె ఉండదు, అలారం మోగదు. డ్యాష్‌బోర్డు ప్రశాంతంగా ఉందని షిఫ్ట్ మారిపోతుంది. అందుకే డేటా రాకపోవడానికే విడిగా అలారం పెట్టాలి. మానిటరింగ్ టూల్ జాబిక్స్‌లో నోడేటా అనే ఫంక్షన్ ఇందుకే ఉంది. అలాంటిదే మరో టూల్ ప్రొమీథియస్‌లో అప్ అనే కొలమానం సున్నా అయితే ఆ టార్గెట్ అందడం లేదని అర్థం. ఇంటర్వ్యూలో ఈ ముక్క చెప్పినవాళ్ళని బోర్డు తలెత్తి చూస్తుంది.

ఇంట్లోనే ల్యాబ్

16 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్ చాలు. బయాస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేసి, ఉచితంగా దొరికే ప్రాక్స్‌మాక్స్ ఎక్కించండి. రెండు మూడు లినక్స్ మెషీన్లు పెట్టి, జాబిక్స్ గానీ, ప్రొమీథియస్‌తో గ్రఫానా గానీ కలపండి. గీతలు వచ్చాక అసలు పని మొదలవుతుంది. మీ చేతులతోనే చెడగొట్టండి. ఒకరోజు హోస్ట్ సమయం మార్చండి, ఒకరోజు పీవీఈస్టాట్‌డీ ఆపండి, ఒకరోజు మానిటరింగ్ అకౌంట్ పాస్‌వర్డ్ మార్చండి, ఒకరోజు ఫైర్‌వాల్‌లో పోర్టు మూసేయండి. ప్రతిసారీ తెర మీద ఏం కనిపించింది, లాగ్‌లో ఏ వరస పడింది, ఎలా సరిచేశారు అన్నది నోట్‌బుక్‌లో రాయండి. ‘ప్రాక్స్‌మాక్స్ తెలుసు’ అని రెజ్యూమెలో రాసుకునే ఒక్క ముక్క కన్నా ఈ నోట్‌బుక్ గట్టి సాక్ష్యం.

కోర్సులకు డబ్బు కట్టేముందు ఒక మాట. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ వీఎంవేర్‌ను కొన్నాక లైసెన్సు పద్ధతులు, సర్టిఫికేషన్ల పేర్లు మారాయి. పాత పేరు చెప్పి ఫీజు అడిగే సంస్థను ఇప్పుడున్న పరీక్ష ఏదో చూపించమనండి. ముందుగా రెడ్‌హ్యాట్ ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ వైపు వెళ్ళడం మేలు. అది కమాండ్ లైన్ మీద చేసి చూపించే పరీక్ష, నేర్చుకున్నది ఏ ప్లాట్‌ఫామ్‌లోనైనా పనికొస్తుంది.

టికెట్ రాయడమూ పరీక్షే

ఉద్యోగంలో చేరిన మొదటి నెలల్లో అన్ని లోపాలూ మీరే సరిచేయాలని ఎవరూ ఆశించరు. పై లెవెల్‌కు పంపే టికెట్ ఎలా రాస్తారన్నదే చూస్తారు. ‘గ్రాఫ్ రావట్లేదు, చూడగలరు’ అని రాస్తే సీనియర్ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఇలా రాసి చూడండి: ‘హోస్ట్ 3కు రాత్రి 1:05 నుంచి డేటా లేదు. మిగతా హోస్టులకు వస్తోంది. ఈఎస్‌ఎక్స్‌టాప్‌లో అంకెలు ఉన్నాయి. సమయం వీసెంటర్‌తో సరిపోయింది. వీపీఎక్స్‌ఏ లాగ్‌లో 1:04కు కనెక్షన్ ఎర్రర్ ఉంది, జతచేశాను. సర్వీసులు వేటినీ రీస్టార్ట్ చేయలేదు.’ కారణం ఇంకా తేలకపోయినా మూడు దారులు మూసి నాలుగోదాన్ని తెరిచి ఇచ్చారు. ఇంటర్వ్యూలో ఆ మొదటి ప్రశ్నకూ ఇదే వరసలో జవాబు చెప్పండి: ఏం చూశాను, ఏం తేలింది, ఏం తేలలేదు, దేన్ని ముట్టుకోలేదు.