పహణిలో పేరు లేని రైతు

2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది కూడా ఆ రోజే. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. మా ఊరు చిక్కబళ్ళాపురం జిల్లాలో ఉంది. పండగ ధర వస్తుందని కోయకుండా నిలిపిన మా అవ్వ చామంతి తోటలోనే వాడిపోయింది. గుళ్ళు మూసేశారు, పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. రాగులైతే మూట కట్టి పెట్టుకోవచ్చు, పూలను ఎన్నాళ్ళు దాస్తాం?

‘ప్రభుత్వం దుడ్డు ఇచ్చింది కదా’ అంటారు చాలామంది. ఎవరికి, ఏ లెక్కన ఇచ్చిందో ఒకసారి చూద్దాం.

మొదటిది కేంద్రం ఇచ్చింది. పీఎం కిసాన్ పథకంలో ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతలుగా వస్తాయి. 2020 ఏప్రిల్‌లో ఒక విడత 2,000 ముందుగానే ఖాతాల్లో వేశారు. అది కష్టకాలంలో పనికొచ్చింది, నిజమే. కానీ అదనపు డబ్బు కాదు, ఎలాగూ రావాల్సిందే.

రెండోది రాష్ట్రం ఇచ్చింది. మే 6న కర్ణాటక ప్రభుత్వం 1,610 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అందులో పూలరైతుకు హెక్టారుకు 25,000, అదీ ఒక హెక్టారు వరకే. క్షురకులకు, బట్టలు ఉతికేవాళ్ళకు మనిషికి 5,000. అదే నెలలో మొక్కజొన్న రైతుకు కూడా తలా 5,000 అన్నారు.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఎకరాకు 40 గుంటలు. హెక్టారు అంటే దాదాపు రెండున్నర ఎకరాలు, అంటే సుమారు 99 గుంటలు. అప్పుడు గుంటకు 250 రూపాయల చిల్లర పడుతుంది. మా అవ్వకున్న 20 గుంటలకు సుమారు 5,000.

కాబట్టి సాయం రెండు రకాలుగా కొలిచారు: మనిషిని బట్టి, నేలను బట్టి. నేలను బట్టి కొలిస్తే కాగితం కావాలి. ఆ కాగితమే పహణి. పహణి ఉంటే మధ్యవర్తి లేకుండా డబ్బు నేరుగా బ్యాంకుకు వస్తుంది, ఆ మేలు కాదనలేం. కానీ పహణిలో ఉండేది పొలం ఎవరిదో ఆ పేరు. గుత్తకు తీసుకుని పెట్టుబడి పెట్టినవాళ్ళ నష్టం అందులో కనబడదు.

మా ఇంట్లో జరిగింది ఇంకోటి. తాత పోయి అప్పటికి నాలుగేళ్ళు. పహణిలో మాత్రం ఇంకా ఆయన పేరే ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పూలు కోసేది అవ్వ. ఆమెకు రూపాయి కూడా రాలేదు. ‘దుడ్డు పోతే పోనీ, నన్ను రైతే కాదంటారే’ అని ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

మా ఇంట్లో తెలుగూ కన్నడమూ రెండూ మాట్లాడతాం. రెండింట్లోనూ ఈ డబ్బును ‘పరిహారం’ అనే అంటాం. పరిహారం అంటే పోయినదానికి బదులు ఇవ్వడం. కానీ ఇక్కడ ఎవరికి ఎంత పోయిందో కొలవలేదు. అందుకే దీన్ని ‘సాయం’ అనడమే సరి అని నాకనిపిస్తుంది.

మనలో చాలామంది పల్లెల నుంచి వచ్చినవాళ్ళమే. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు మీ ఇంటి పహణి తీసి చదవండి. పోయినవాళ్ళ పేరే ఉంటే మరణ ధ్రువపత్రం, వంశవృక్షం పెట్టి నాడకచేరిలో పౌతి ఖాతాకు అర్జీ ఇవ్వండి. మేము పోయిన ఏడాది చేయించాం. ఇప్పుడు పహణిలో మా అవ్వ పేరుంది.