వేన్నీళ్ల బాయిలరు మార్చుట

మన కృష్ణా డెల్టాలో బాయిలరు అను మాటకు రెండర్థములు కలవు. ధాన్యపు మిల్లులో ఆవిరి పుట్టించునది యొకటి. పెరటిలో స్నానమునకు నీరు కాచు రాగిపాత్ర రెండవది. మొదటిదానికొరకు 1923లోనే భారత బాయిలర్ల చట్టము చేయబడెను. దాని స్థానమున 2025లో క్రొత్త చట్టము వచ్చినది. అధికారి తనిఖీ చేసి పత్రమిచ్చినగాని మిల్లు బాయిలరును నడుపరాదు. రెండవదానికట్టి యధికారి యెవరును లేరు. గృహస్థుడే తనిఖీ చేసికొనవలెను. పాతది చెడి క్రొత్తది కొనవలసినప్పుడు అతడు చూడదగిన విషయములను ఈ నెల పాఠముగా వ్రాయుచున్నాను.

ముందుగా, పాతది నిజముగా చెడినదా యని తెలిసికొనవలెను. రాగి బాయిలరు నడుమ నొక గొట్టముండును; క్రింద ఇనుప జల్లెడపై కొబ్బరి డొక్కలో, తాటి మట్టలో, కంది కట్టెయో మండగా, ఆ వేడి గొట్టము గుండ పైకిపోవుచు చుట్టునున్న నీటిని కాచును. రాత్రి దానిని నిండుగ నింపి, పొడి గచ్చుమీద కాగితము పరచి, దానిపై నిలిపి ఉదయమున చూడుడు. కుళాయి మొదట గాని, పై అతుకున గాని తడి కనబడినచో మాటు వేయించిన చాలును. జల్లెడమీది బూడిద తడిసియున్నచో గొట్టమే పలుచబడి చిల్లిపడినదని యర్థము. ఒక చిల్లి పూడ్చిన ప్రక్కన మరియొకటి పడును గాన, దానికి మరల మరల మాటు వేయించుట వ్యర్థము. నీరు తగ్గియుండగా మంట పెట్టుటయే అతుకులు కరగుటకు ముఖ్యకారణమని ఇంటిలోని పిల్లలకు సైతము చెప్పియుంచవలెను.

ఇక మన కెంత వేడినీరు కావలెను? ఇది లెక్కకట్టకయే పలువురు పెద్దదానిని కొనుచున్నారు. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు ఒక కిలోకేలరీ పట్టును. శీతకాలపు ఉదయమున తొట్టినీరు 25 డిగ్రీలున్నదనుకొందము. స్నానమునకు 40 డిగ్రీలు చాలును. అయిదుగురికి తలకు 20 లీటర్ల చొప్పున 100 లీటర్లకు 1,500 కిలోకేలరీలు కావలెను. ఒక యూనిటు విద్యుత్తు 860 కిలోకేలరీలు గాన, నష్టములతో గూడ సుమారు రెండు యూనిట్లు. అదే నీటిని మూడు రాళ్ల పొయ్యిపై కాచినచో కట్టెల వేడిలో పదింట ఒకవంతు మాత్రమే నీటికి చేరుననుకొన్నను, నాలుగు కిలోలకు పైగా ఎండుకట్టెలు పోవును.

15 లీటర్ల గీజరు ఇద్దరికే చాలునా యని శంకించువారున్నారు. దానిలో నీరు 60 డిగ్రీలు కాగినచో, చన్నీరు కలిపి 35 లీటర్ల స్నానపు నీరగును. 25 లీటర్లది 58 లీటర్ల నీటినిచ్చును. 2,000 వాట్ల కడ్డీ 15 లీటర్లను కాచుటకు పదునెనిమిది నిమిషములు పట్టును. ఒకరి తరువాత నొకరు స్నానము చేయు ఇంటికి చిన్నదే మేలు. అయితే 230 వోల్టులకు బదులు 180 వోల్టులే వచ్చు పల్లెలలో ఆ కడ్డీ ఇచ్చు వేడి అయిదింట మూడువంతులకు తగ్గును; ఆ పదునెనిమిది నిమిషములు అరగంట యగును. గీజరు పాడైనదని దుకాణమునకు మోసికొనిపోవుటకు ముందు వోల్టేజి చూపించుకొనుడు.

అన్నిటికంటె ముఖ్యము, అంగడివారు ఎన్నడును అడుగనిది, మీ నీరు ఎట్టిదన్న ప్రశ్న. విజయవాడలో ప్రకాశం బ్యారేజి వద్ద చీలిన కాలువల నీరు మెత్తనిది. కాలువలు కట్టివేసిన నెలలలో మనము బోరునీటిని వాడుదుము. అవనిగడ్డ, నాగాయలంక, కృత్తివెన్ను మొదలగు సముద్రతీరపు ప్రాంతములలో బోరునీరు తరచుగ ఉప్పనగును. బాలింతలకు, పసిబిడ్డలకు, కీళ్లనొప్పులుగల వృద్ధులకు వేసవిలోను వేన్నీళ్లు కావలెను గాన, ఆ నీరే బాయిలరులోనికిని పోవును.

సబ్బు నురుగురాని గట్టినీరు కాగినప్పుడు సున్నపు పొర కట్టును. 60 డిగ్రీలు దాటినకొలది ఈ పొర త్వరపడి పెరుగును. అది గీజరు కడ్డీని కప్పివేసినచో వేడి నీటికి చేరక కడ్డీయే మాడిపోవును. ఉప్పునీరు వేరొక విధముగా చెరచును. తుప్పుపట్టదని పేరొందిన స్టెయిన్‌లెస్ ఉక్కును సైతము అతుకులకడ తినివేయును. త్రాగునీటికి గట్టిదనము లీటరునకు 200 మిల్లీగ్రాములలోపు ఉండుట మంచిదనియు, వేరు నీరు లేనిచోట 600 వరకు ఓర్చుకొనవచ్చుననియు ప్రమాణము. ఒక సీసాడు నీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఆ కాగితము చేతబట్టుకొని బజారునకు పొండు. సున్నపునీరైనచో థర్మోస్టాటును 55 డిగ్రీలకు తగ్గించి, ఏటేట విప్పి తోమించుటకు వీలైన గీజరు కొనవలెను. ఉప్పునీరైనచో లోపల గాజుపూత గలిగి మెగ్నీషియము కడ్డీయున్నది మేలు. ఆ కడ్డీ తాను కరగుచు తొట్టిని కాపాడును. కరగినపిదప మార్పించనిచో తొట్టి వంతు వచ్చును. ఈ కడ్డీ మీ ఊరికి దగ్గరలో దొరకునా, దానిని మార్చువాడు పిలిచిన వచ్చునా యని అడుగకుండ ఎంత పేరుగల సరుకైనను కొనవలదు. నాలుగిండ్లవారు కూడబలుకుకొని ఒకే రకము కొనినచో మరమ్మతుదారు సంతోషముగ వచ్చును.

మేడకప్పు గలవారు సూర్యరశ్మితో కాగు పరికరమును తప్పక విచారింపవలెను. 100 లీటర్లది చిన్న కుటుంబమునకు సరిపోవును. పలకరకములో సన్నని రాగి గొట్టములు సున్నముతో పూడిపోవును. గాజు గొట్టములు గలదానిని విప్పి కడుగుట సులువు గనుక గట్టినీటికి అదియే నయము. కోతుల బెడద గల ఊరిలో మాత్రము గాజు సంగతి మరల ఆలోచింపవలెను. అద్దపు ముఖము దక్షిణమునకుండవలెను; చన్నీటి తొట్టి దానికంటె ఎత్తుననుండవలెను. నీటిబరువే 100 కిలోలు. దానిని కప్పునకు మరలతో బిగింపవలెను. 1977 నవంబరు 19 నాటి తుపాను చూచిన దివిసీమ పెద్దలకు గాలిబలమును వేరుగ చెప్పనక్కరలేదు. ముసురు పట్టిన దినములకై తొట్టిలో విద్యుత్ కడ్డీ కూడ నుండవలెను.

ప్రాణాపాయము విషయమున మొగమాటము పనికిరాదు. 2,000 వాట్ల గీజరు తొమ్మిది ఆంపియర్ల వరకు లాగును. దానికి 16 ఆంపియర్ల మూడుకన్నుల ప్లగ్గును, నిజమైన ఎర్తును కావలెను. మూడవ కన్నున్నంత మాత్రమున ఎర్తున్నట్లు కాదు. పాత ఇండ్లలో అది పలుమారు ఉత్తకన్నే. ఉప్పునేలలో ఎర్తు గొట్టము లోలోపల తుప్పుపట్టి తెగిపోవును. తెలిసినవానిచే పరీక్ష చేయించి, 30 మిల్లీ ఆంపియర్లకే కరెంటు త్రెంచు ఆర్.సి.సి.బి. పెట్టించుడు. దానిమీది పరీక్ష మీటను నెలకొకసారి నొక్కిచూడవలెను. ఐ.ఎస్.ఐ. ముద్ర, ప్రెషరు వాల్వు లేని గీజరును ఉచితముగ నిచ్చినను తీసికొనరాదు. బకెట్టులో ముంచు కడ్డీని నేను ఎవరికిని సిఫారసు చేయను.

గ్యాసు గీజరుగాని, బొగ్గు వేసిన రాగి బాయిలరుగాని తలుపులు మూసిన స్నానపుగదిలో ఉండరాదు. మంటకు గాలి చాలనప్పుడు పుట్టు కార్బన్ మోనాక్సైడునకు రంగులేదు, వాసనలేదు. లోపలివారికి మగత క్రమ్మును. కేకవేయు శక్తియు నుండదు. పరికరమును బయట గోడకు బిగించి నీటి గొట్టమును మాత్రము లోనికి తేవలెను.

పెరడు విశాలమై, డొక్కలు, మట్టలు ఊరక పడియుండు ఇంటికి నా అభిప్రాయమున నేటికిని రాగి బాయిలరే చవుక. కరెంటు పోయినను అది పనిచేయును. కొనునప్పుడు రేకు గేజి అడుగుడు. గేజి అంకె పెరిగినకొలది రేకు పలుచనగును. ఇది తెలియనివారు 24ను 20కంటె గొప్పదనుకొని మోసపోవుదురు. వెలుపలి రేకు మందముగనుంచి లోపలి గొట్టమును పలుచన చేయువారును గలరు గాన, గొట్టపుటంచును వ్రేళ్లతో నొక్కి చూడుడు. పాత రాగిని ఇచ్చివేయుటకు ముందు ఇనుప జల్లెడ ఊడదీసి, ఇంటివద్దనే తూచుకొని, బరువు వ్రాసికొని పొండు.