పోటీ పరీక్షల ప్రత్యేకం: కువైట్ వారసత్వం – సదూ హౌస్

కువైట్ నగరపు మూడో మట్టి ప్రాకారం: 1920లో కట్టారు, 1957లో కూల్చారు. ద్వారాలను మాత్రం మిగిల్చారు. చమురు సంపదతో పాత పేటలు నేలమట్టమైన కాలమది. కువైట్ పురావస్తు చట్టం 1960లో వచ్చింది. మన పురాతన కట్టడాల చట్టం 1958. ఈ రెండు సంవత్సరాలనూ తారుమారు చేయొద్దు.

కూలకుండా మిగిలినవాటిలో ముఖ్యమైనది సదూ హౌస్. గల్ఫ్ రోడ్డులో, నేషనల్ మ్యూజియం దగ్గరున్న పాత ఇల్లు. ఎడారి సంచారులైన బెడూయిన్ల నేతను కాపాడాలని 1979లో కొందరు కువైటీలు పూనుకున్నారు. ఆ కృషికి నిలయం ఈ ఇల్లే. సదూ అంటే నేలమగ్గంపై స్త్రీలు నేసే ఉన్ని నేత: గొర్రె ఉన్ని, ఒంటె, మేక వెంట్రుకలు; ఎరుపు, నలుపు పట్టీలు. మధ్య పట్టీలోని బొమ్మల వరుస పేరు షజరా. పాత ఇల్లూ, పాత విద్యా కలిసి బతికాయి. అందుకే ఇది వారసత్వ రక్షణకు గొప్ప ఉదాహరణ.

అడిగే అవకాశం ఎక్కువ: యునెస్కో అమూర్త వారసత్వ ప్రాతినిధ్య జాబితాలో సదూ చేరింది 2020లో, సౌదీ అరేబియా–కువైట్ ఉమ్మడిగా. యూఏఈ సదూ 2011లోనే తక్షణ రక్షణ జాబితాకెక్కింది. తికమక ఇక్కడే.

1979తోనే ముడిపడిన మరో కట్టడం కువైట్ టవర్స్: ప్రారంభం 1979, ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం 1980.

జతగా మన రాజ్యాంగంలో చదవండి: కట్టడాల రక్షణ రాజ్యం బాధ్యత – 49వ అధికరణ, వారసత్వ రక్షణ పౌరుడి విధి – 51ఎ(ఎఫ్).